గొడుగు మొన అందినంత ఎత్తు

మొన్న ఫిబ్రవరిలో మా చెల్లెలి మనవరాలు గుడివాడ వచ్చి, టిఫిను తింటూ తింటూ తన ఫోను నా మొహం ముందు పెట్టింది. బందరులో పాత కట్టడాలూ, పాత పేటలూ నడిపించి చూపిస్తారట. పొద్దున్నే అందరూ కోనేరు సెంటర్లో కలుసుకోవాలట. టోపీలూ నీళ్ళ సీసాలూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలట. దానికో ఇంగ్లీషు పేరు, పక్కన ఒక వీధి బొమ్మ. "వస్తావా అమ్మమ్మా" అని అడిగింది గాని, నేను రానని దాని ధీమా. నా మోకాళ్ళ సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు మరి. వస్తానన్నాను. అది నోట్లో ఇడ్లీ నమలడం మానేసి నా వంక చూసింది.

పంతానికి పోయి అన్న మాట కాదది. ఆ బొమ్మలో వీధి నాకు తెలుసు. మీలో నా ఈడు వాళ్ళు, బందరు నీళ్ళు తాగిన వాళ్ళు ఉంటే మీకూ తెలిసే ఉంటుంది. వలందపాలెంలో ఆ వీధి మలుపు దగ్గర ఒకప్పుడు ఒక పాత బడి ఉండేది. ఆ బడి వెనక గదిలో ఒక గోడ ఉండేది. ఆ గోడని నిలబెట్టుకోవాలని మా మావయ్య పడ్డ తాపత్రయం, చివరికి అది చేతులారా పోయిన తీరు నేనెవరితోనూ మొదటి నుంచీ చివరిదాకా చెప్పలేదు. వినవలసిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఇక మీతోనే చెప్పుకోవాలి.

మాది దివిసీమలో మోపిదేవికి కాస్త ఇవతల ఒక చిన్న పల్లె. యాభైల చివర్లో నేను టీచరు ట్రైనింగు కోసం బందరు వచ్చి హాస్టల్లో చేరాను. శని ఆదివారాలు మాత్రం మావయ్య ఇంట్లోనే. మావయ్యంటే మా అమ్మకి పెద్దన్న, మిషను స్కూల్లో డ్రాయింగు మాస్టారు. బందరులో ఏ గుమ్మంలోంచి వెళ్ళినా తల వంచుకునే వెళ్ళవలసినంత పొడుగు మనిషి. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. ఆ గొడుగు ఆయన విప్పగా నేను చూసింది తక్కువ. అది ఆయనకి వేలు లాంటిది, చూపించడానికి.

చూపించడమంటే ఊరు చూపించడం. ఇప్పటి పిల్లలకి దానికి ఇంగ్లీషు పేరు కావలసి వచ్చింది గాని మేము ఊరు చూపించడమనే అనేవాళ్ళం. ఆ రోజుల్లో మా దివిసీమ జనానికి ఏ అవసరమొచ్చినా బందరే గతి. ఒళ్ళు బాగులేకపోతే ఆసుపత్రి, పొలం గట్టు తగాదా అయితే కోర్టు, పిల్లవాణ్ణి చదివించాలంటే కాలేజీ. అందరూ పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని, నేరుగా మావయ్య గుమ్మంలో మూటలు దించేవాళ్ళు. చుట్టరికం ఉన్నవాళ్ళు సరే, లేనివాళ్ళు కూడా దారిలో ఎక్కడో కలుపుకుని "మాస్టారు మాకు బావ వరసవుతారండీ" అంటూ వచ్చేవాళ్ళు. డాక్టరు రేపు రమ్మంటాడు, వకీలు మధ్యాహ్నం రమ్మంటాడు. అప్పటిదాకా ఆ మనిషి అరుగు మీద దిగులుగా కూర్చోవడం మావయ్య చూడలేకపోయేవాడు. "లేవండి, అలా ఊరు చూసొద్దాం" అని గొడుగు తీసేవాడు.

కోనేరు దగ్గర మొదలుపెట్టి ఆ పేటా ఈ పేటా తిప్పేవాడు. ఇంగ్లీషుపాలెం సరే, పేరులోనే ఉంది. పరాసుపేట దగ్గర ఆగి, పరాసులంటే ఫ్రెంచివాళ్ళనీ, వాళ్ళు ఇక్కడ అంగళ్ళు పెట్టుకున్నారనీ చెప్పేవాడు. అద్దకం పనివాళ్ళ వాకిట్లో ఉడికే రంగుల వాసన పీల్చమనేవాడు. అక్కడ గడ్డం నెరిసిన సాయిబుగారొకాయన, మేమంతా బాబాయ్ అనే పెద్దమనిషి, వచ్చినవాళ్ళకి బల్ల వేసి మంచినీళ్ళిచ్చి, మాస్టారు ఇవాళ ఎక్కడిదాకా వచ్చారు అని అడిగేవాడు, కథలో ఎక్కడిదాకా అని దాని అర్థం. ఓడలొచ్చిన నాటి సంగతులు, గుర్రబ్బళ్ళ సంగతులు, దొరల సమాధుల సంగతులు. అవనిగడ్డ నుంచి కోర్టు పని మీద వచ్చిన ఒక రైతు, వాయిదా సంగతి మర్చిపోయి ఆ పూటంతా మావయ్య వెంట తిరిగి, వకీలు చేత చీవాట్లు తిన్నాడని మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

చివరికి వలందపాలెం. డచ్చివాళ్ళని మనవాళ్ళు వలందులనేవారు, వాళ్ళున్న చోటు గనక వలందపాలెం. మలుపులో ఆ పాత బడి. ఒకప్పుడు అది సరుకులు దాచే గిడ్డంగి, తరవాత ఎప్పుడో అందులో పిల్లలకి చదువు చెప్పారు, నేనొచ్చేనాటికి ముందు హాలులో వారానికొకసారి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక మాత్రం జరిగేది. వెనక గదిలో విరిగిన బల్లలు, చీకటి, గబ్బిలాల వాసన. అక్కడికొచ్చేసరికి మావయ్య గొంతు మారిపోయేది.

మన తాతల నాటి పెద్ద ఉప్పెన సంగతి మీకు చెప్పనక్కరలేదు, బందరులో ఆ కథ లేని ఇల్లు లేదు. సముద్రం ఊళ్ళోకి నడిచొచ్చిన ఆ రాత్రి, తొమ్మిదేళ్ళ పిల్లనొకదాన్ని వాళ్ళ నాన్న ఆ గది అటక మీదికి ఎక్కించి, తల్లినీ తమ్ముళ్ళనీ తీసుకొస్తానని కిందికి దిగాడు. తిరిగి రాలేదు. ఆ పిల్ల మా మావయ్యకి నాయనమ్మ, అంటే మా అమ్మకీ నాయనమ్మే. మా వంశానికంతటికీ ఆ అటకే మొదలు. నీళ్ళు తీశాక గోడ మీద ఉప్పుచార ఒకటి మిగిలింది. ఆ పిల్లకి అప్పటికి అక్షరం ముక్క రాదు. ఒక మేకు సంపాదించి, మళ్ళీ అటకెక్కి, ఆ చార పక్కన తన ఇంట్లో వాళ్ళకీ, ఆ వీధిలో తను ఎరిగిన వాళ్ళకీ మనిషికొక గీత గీసింది. వాళ్ళెవరికీ సమాధి లేదు. గోతుల్లో కలిపి పూడ్చిన జనంలో ఎవరెక్కడో ఎవరికి తెలుస్తుంది? ఉన్నదల్లా ఆ గీతలే.

తలుపులోంచి తిన్నగా చూస్తే గోడ మీద ఏమీ కనబడదు, పాత చెమ్మ మరక అనుకుంటాం. మావయ్య పెరటి తలుపు రెక్క ఓరగా తీసేవాడు. అప్పుడు వెలుగు పక్క నుంచి పడి గీతలు ఒక్కొక్కటీ లేచొచ్చేవి. మావయ్య చెయ్యెత్తి, చేతిలో గొడుగెత్తి, దాని మొనని ఆ చార దగ్గర ఆనించి, నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి అని మాత్రం అనేవాడు. అంత పొడుగు మనిషి చెయ్యీ, దానిపైన గొడుగూ, ఆ పైన నీళ్ళు. చూసినవాళ్ళు తమ తలలు తడుముకునేవాళ్ళు. మొదటిసారి నేనూ తడుముకున్నాను.

ఇంటి దగ్గర అత్తయ్య ఉండేది. అత్తయ్యది పామర్రు దగ్గర పల్లె, గుండ్రంగా పొట్టిగా ఉండేది, ఆవిడ నవ్వితే పక్కింటికి వినబడేది. మావయ్య ఊరు చూపించడానికి బయల్దేరిన దగ్గర్నుంచీ ఆవిడ పొయ్యి ముందే. తిరిగొచ్చేసరికి నలుగురొస్తారో ఆరుగురొస్తారో, ఎండు రొయ్యలేసిన గోంగూర, దోసకాయ పప్పు, చల్ల మిరపకాయలు. వచ్చినవాళ్ళు మాటా పలుకూ లేకుండా కూర్చుని తినేవాళ్ళు. "ఎండకి వడలిపోయారు పాపం, ఈయనకి బుద్ధి లేదు" అని ఆవిడ ఇంకో గరిటె మజ్జిగ పోసేది. చావుల సంగతి అన్నం ముందు ఎత్తేదెవరు? అలా ఇరవయ్యేళ్ళ కాపరంలో ఆవిడ మావయ్య వెంట ఒక్కసారైనా ఆ నడక నడవలేదు. నడిస్తే వంట ఎవరు చేస్తారు? పోనీ ఇంట్లోనైనా ఆయన చెప్పాడా అంటే, వీధిలో అంత వాగుడుకాయ ఇంట్లో మూగనోము పట్టేవాడు. నాయనమ్మ ఆ బడిలో ప్రాణాలతో బయటపడిందని మాత్రం అత్తయ్యకి తెలుసు. గీతల సంగతి తెలియదు. ఆ వీధి ఆడవాళ్ళెవరికీ తెలియదు. సొంత ఊరిని ఎవరు చూస్తారు, ఊరు చూపించేది పైవాళ్ళకే గదా.

నేను ట్రైనింగు రెండో ఏడు చదువుతుండగా ఆ వీధి మలుపు వెడల్పు చేస్తారనీ, పాత బడి పడగొడతారనీ కబురు పుట్టింది. మావయ్య తిండి మానేశాడు. ఎవరెవరి దగ్గరికో తిరిగాడు, ఎవరెవరినో బతిమాలాడు. చివరికి పాత కట్టడాలు చూసి నిలబెట్టదగినవి తేల్చే ఆఫీసర్లు ఇద్దరు హైదరాబాదు నుంచి గుడివాడ వస్తున్నారనీ, అక్కడ బౌద్ధుల కాలం నాటి దిబ్బ చూసి బందరు కూడా వస్తారనీ తెలిసింది. మావయ్య ఒక రోజు ముందే గుడివాడ వెళ్ళి వాళ్ళని పట్టుకున్నాడు. ఉప్పెనలో పోయిన మనుషులకి ఆనవాలు మా బడి గోడ మీద ఉంది, మీ కళ్ళతో చూసి చెప్పండి అన్నాడు. వాళ్ళకీ ఆసక్తి కలిగింది. అలాంటిదే ఉంటే రోడ్డుని కాస్త పక్కకి జరపమని రాస్తామన్నారట.

వెళ్ళేముందు అత్తయ్యతో ఏమన్నాడో తెలుసా? "ఆఫీసర్లొస్తున్నారు, పాత బడి చూడ్డానికి. వాళ్ళు బాగుందంటే అది నిలుస్తుంది. నలుగురికి వండు." అంతే. ఆ మనిషి ఇంట్లో మాటలు అంత పొదుపు.

మర్నాడు నేను హాస్టలు నుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళాను. గుడివాడ నుంచి వచ్చిన రైల్లోంచి మావయ్యా, ఇద్దరు ఆఫీసర్లూ దిగారు. మావయ్య మొహం అంత వెలిగిపోతుండగా నేనెన్నడూ చూడలేదు. బండి మాట్లాడతానంటే ఒప్పుకోకుండా నడిపించాడు. ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, సాయిబు బాబాయి వాకిట్లో మంచినీళ్ళు, అన్నీ అయ్యాయి. పెద్దాఫీసరుగారు, కళ్ళజోడాయన, మంచివాడు, ఓపికగా విన్నాడు. వలందపాలెం మలుపు తిరిగాం.

బడి తెల్లగా మెరిసిపోతోంది.

నాకు ముందు అర్థం కాలేదు, వేరే వీధికొచ్చామేమో అనుకున్నాను. గుమ్మానికి మామిడాకులు, ముందంతా పేడనీళ్ళు చల్లి ముగ్గులు. అత్తయ్య ఆదివారం గుడికి కట్టుకునే చీర కట్టుకుని, పళ్ళెంలో బందరు లడ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెనక వీధి ఆడవాళ్ళంతా, క్రైస్తవులూ హిందువులూ ఇద్దరు ముగ్గురు తురకమ్మలూ, చెంగులు సర్దుకుంటూ నవ్వుతున్నారు. మీకు చెప్పేదేముంది, మన ఇళ్ళల్లో పండగొచ్చినా పెళ్ళొచ్చినా పెద్దమనుషులొచ్చినా ముందు చేసే పనేమిటి? గోడలకి సున్నం. పెద్దవాళ్ళు చూసి బాగుందనాలి, బాగుందంటే బడి నిలుస్తుంది, భర్త మళ్ళీ అన్నం తింటాడు. అందుకని ఆ మహాతల్లి వీధినంతా పోగుచేసి, నిచ్చెనలు తెప్పించి, పెచ్చులూడిన గోడలు గీకించి, రెండు పూటలు సున్నం కొట్టించింది. తనూ కొట్టింది. పళ్ళెం పట్టుకున్న ఆ వేళ్ళు సున్నం తిని ఎక్కడికక్కడ పగిలి ఉన్నాయి.

మావయ్య నడక ఆగలేదు. వెనక గది మిగిలి ఉంటుందన్న ఆశ కాబోలు, గబగబా హాలు దాటాడు, వెనకే మేము. విరిగిన బల్లలు తీసేశారు. నేల కడిగారు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. నేల నుంచి అటక దాకా గోడ కొత్తగా తెల్లగా ఉంది.

"చూశారాండీ, ఇక్కడ ఎంత అసహ్యంగా ఉండేదో ఈ మరక! గీకి గీకి చేతులు పడిపోయాయనుకోండి" అంది అత్తయ్య వెనక నుంచి, సంబరంగా.

కళ్ళజోడాయన గోడ వంక చూసి మావయ్య వంక చూశాడు. "ఏదండీ మాస్టారూ, మీరు గుడివాడలో చెప్పింది?"

నిన్నటిదాకా ఇక్కడే ఉందండీ, ఇవాళ సున్నం కింద పోయిందండీ అనడానికి నోరు తెరిచాను. నా పాదం మీద గొడుగు మొన ఆనింది. గట్టిగా నొక్కాడు. మావయ్య నా వైపు చూడలేదు. అత్తయ్య మొహం చూశాడు, తరవాత ఆ పళ్ళెమూ, దాన్ని పట్టుకున్న వేళ్ళూ చూశాడు. "నేను పొరబడ్డానండీ" అన్నాడు. "చిన్నప్పుడెప్పుడో ఎక్కడో చూసింది ఇక్కడే అనుకున్నాను. క్షమించాలి."

ఆఫీసరుగారు ఏమీ కోపగించుకోలేదు. "పరవాలేదండీ. ఉప్పెన బందరంతా ముంచింది గదా, ప్రతి గోడకీ ఏదో కథ ఉంటుంది. మాకు కంటికి కనపడేది ఒకటుండాలి, ఏం చెయ్యమంటారు" అన్నాడు. బడి శుభ్రంగా ఉంచుకున్నారని అత్తయ్యని మెచ్చుకుని, లడ్డు తిని, ఇంట్లో భోజనం చేసి సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ మావయ్య భుజం తట్టారు, వయసు మీద పడి మతి తప్పిన మనిషిని తట్టినట్టు. మావయ్యకప్పటికి యాభై దాటి ఎంతో కాలేదు.

వాళ్ళని రైలెక్కించి వచ్చేటప్పుడు మావయ్య ఇంటికి కాకుండా బడికి నడిచాడు. నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. నేను పట్టుకున్నాను, ఆయన ఎక్కి తడిగుడ్డతో సున్నం తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తడి సున్నం వచ్చేసింది గాని కింద గీతలు లేవు. కొట్టేముందు గోడ గీకేశారు గదా, పైపొర అంతా ఊడిపోయి ఇటుక కనబడుతోంది. కిందికి దిగి, ఆ గుడ్డ మడతపెట్టి జేబులో పెట్టుకుని, "అత్తయ్యకి చెప్పకు. ప్రమాణం చెయ్యక్కరలేదు, చెప్పకు చాలు" అన్నాడు. ఆ తరవాత ఆయన ఏడ్చాడు. అంత మనిషి గోడకి నుదురానించి ఏడుస్తుంటే నేనేం చెయ్యాలో తెలియక గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య ఎదురొచ్చి, ఎలా ఉంది, బాగా చేయించానా అని అడిగింది. బాగుంది అన్నాడు మావయ్య. ఆయన నోట అత్తయ్య ఎన్నడూ వినని మాట అది. కూర బాగున్నా చీర బాగున్నా నోరు మెదిపే మనిషి కాడు. ఆవిడ ఆ ముక్క పట్టుకుని ఎన్నేళ్ళు మురిసిపోయిందో! ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది, మీ మాస్టారు ఒక్కసారి బాగుందన్నాడమ్మా అని.

కొన్నాళ్ళకి బడి పడగొట్టారు. ఎంత సున్నం కొట్టినా ఆపలేకపోయామే అని అత్తయ్య బాధపడింది. మావయ్య ఊరు చూపించడం మానేశాడు. ఎవరైనా అడిగితే కాళ్ళు నొప్పులనేవాడు. నేను ట్రైనింగు ముగించి, ఉద్యోగమొచ్చి గుడివాడ చేరాను, పెళ్ళీ అయింది. సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆయన అరుగు మీద గొడుగు పక్కన పెట్టుకుని కూర్చుని కనిపించేవాడు. నాకు కోపమొచ్చేది. అత్తయ్య మనసు నొప్పించకూడదని పదిమందిలో తన పరువు పోగొట్టుకున్నాడు సరే, గొప్పే అనుకుందాం. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళకి వందసార్లు చెప్పిన మాట, వండిపెట్టిన మనిషికి ఒక్కసారి చెప్పి ఉంటే ఆ నిచ్చెన లేచేదే కాదు గదా! ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు, పోయాడని కూడా ఊరుకోదు నా నోరు.

అరవైల నడిమిన మావయ్య పోయాడు. సమాధి దగ్గర నుంచి ఇంటికొచ్చాక, మోపిదేవి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఎప్పుడో ఆసుపత్రికొచ్చి మావయ్య వెంట తిరిగినవాడు, అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ పాత సంగతులన్నీ ఏకరువు పెట్టాడు. "నా పెద్దకూతురు ఆసుపత్రిలో పోయిన రోజమ్మా అది. నాకు దిక్కు తోచకపోతే మాస్టారు ఆ బడి వెనక గదిలోకి తీసుకెళ్ళి, గొడుగెత్తి ఆ గీతలు చూపించాడు. ఆ పసిదానికి ఎంతమంది పోయారో చూడు బావా, అయినా బతికింది, దాని మనవణ్ణి నేను అన్నాడు. ఆ గోడే నన్ను నిలబెట్టింది" అన్నాడు.

అత్తయ్య మంచినీళ్ళ చెంబు అందిస్తూ ఆగిపోయింది. ఏ గీతలన్నయ్యా అని అడిగింది. ఆయన చెప్పాడు. ఎక్కడ, ఎంత ఎత్తున, ఎలా కనబడేవో అన్నీ చెప్పాడు, పాపం ఆయనకేం తెలుసు. అత్తయ్య చెంబు కింద పెట్టి తన అరచేతులు చూసుకుంది.

జనం వెళ్ళాక నన్ను గదిలోకి పిలిచింది. ఆ రోజు ఆయనకి అంతా తెలుసా అంది. తెలుసన్నాను. నీకూ తెలుసా అంది. తెలుసన్నాను, చెప్పొద్దన్నాడన్నాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను.

"బాగుందన్నాడే" అంది. "నేనడిగితే బాగుందన్నాడే! ఒక్క మాట అని ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని గదే. ఇన్నేళ్ళూ ఒక్కడే మోసుకు తిరిగాడే."

నవ్వితే పక్కింటికి వినబడే మనిషి, ఆ ఏడుపు మాత్రం గది దాటనివ్వలేదు.

ఆ ఏడు నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. మా క్రైస్తవుల్లో ఆ రోజు సమాధులు కడిగి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం, మీకు తెలిసిందే. మావయ్య సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అత్తయ్య ఇంటికి రాలేదు. మావయ్య గొడుగు వెంట తెచ్చుకున్నట్టు అప్పుడు చూశాను. ఆ రోజు సున్నం కొట్టిన ఆడవాళ్ళందరినీ పిలిచి, రండి ఊరు చూపిస్తాను అంది. మా ఊరు మాకు చూపించేదేమిటి వదినా అని ఒకావిడ నవ్వింది గాని అత్తయ్య మొహం చూసి ఊరుకుంది. సాయిబు బాబాయి దగ్గరికి ముందే వెళ్ళి, మావయ్య ఎక్కడ ఆగేవాడో, ఏం చెప్పేవాడో అన్నీ అడిగి తెలుసుకుందట. తడుముకుంటూ, మధ్యలో మర్చిపోతూ, ఇంగ్లీషుపాలెం చెప్పింది, పరాసుపేట చెప్పింది. పుట్టి పెరిగిన వీధుల్లో ఆ ఆడవాళ్ళు మొదటిసారి తలలెత్తి మేడల వంక చూశారు.

మలుపు దగ్గరికొచ్చాం. బడి లేదు, వెడల్పాటి రోడ్డు, పక్కన తుమ్మ మొక్కలు. అత్తయ్య రోడ్డు వార నిలబడి గొడుగెత్తింది. ఆవిడ పొట్టి గదా, మునివేళ్ళ మీద లేచింది. నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి అంది. "ఇంకా పైన. ఆయన పొడుగు మనిషి. చచ్చిపోయిన వాళ్ళ గీతలుండేవి. సున్నం కొట్టించింది నేనే" అంది. ఎవరో, మేమూ కొట్టాం గదే అని ముందుకొచ్చి ఆవిడ చెయ్యి కింద చెయ్యి పెట్టి గొడుగుని ఇంకాస్త పైకెత్తారు. ఆ తరవాత కాళ్ళాడినన్నేళ్ళూ ప్రతి సమాధుల పండుగకీ అత్తయ్య ఆ నడక నడిచింది. ఎవరొచ్చినా రాకపోయినా, చివర్లో ఆ మాట చెప్పకుండా ముగించలేదు.

సరే, మొన్నటి సంగతి. కోనేరు సెంటర్లో పాతికమంది దాకా పోగయ్యారు, సగం మంది బందరు పిల్లలే. నడిపించే కుర్రాడు నడుముకి చిన్న స్పీకరు కట్టుకున్నాడు, మర్యాదగా మాట్లాడాడు, నా కోసం నెమ్మదిగా నడిచాడు. దొరల సమాధుల కథ మావయ్య చెప్పిన దానికంటే కొంచెం పొడుగైంది, పోనిద్దురూ. పిల్లలు ప్రతి గోడనీ ఫొటో తీస్తున్నారు. మా రోజుల్లో గోడలున్నాయి, చూసేవాళ్ళు లేరు. ఇప్పుడు చూసేవాళ్ళు ఇంతమంది వచ్చారు, వాళ్ళకి చూపించడానికి మిగిలింది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వీళ్ళలో నలుగురు ఆనాడు ఉండి ఉంటే, సొంత ఊరి వాళ్ళకి కూడా ఊరు చూపించాలని మావయ్యకి అప్పుడే తోచి ఉంటే అనుకుంటూ నడిచాను.

వలందపాలెం మలుపులో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఇక్కడ చూడ్డానికేమీ లేదండీ, ముందుకెళ్దాం అన్నాడు కుర్రాడు. నేను ఆగిపోయాను. నా చేతిలో మావయ్య గొడుగు ఉంది, అత్తయ్య పోతూ నాకిచ్చింది. బట్ట మారింది, కర్ర అదే. ఎత్తబోయాను. భుజం దాటి నా చెయ్యి లేవడం మానేసి చాలా కాలమైంది, ఆ మాటే మర్చిపోయాను. మనవరాలు కంగారుపడి నన్ను పట్టుకుంది. కుర్రాడు వెనక్కొచ్చి, ఏం కావాలి మామ్మగారూ అన్నాడు.

గొడుగు అతని చేతికిచ్చి పైకెత్తమన్నాను. ఎత్తాడు. కుర్రాడు పొడుగ్గానే ఉన్నాడు.

"ఇక్కడికా మామ్మగారూ?"

"ఇంకా పైకి నాయనా" అన్నాను. "ఆయన పొడుగు మనిషి."

మునివేళ్ళ మీద లేచాడు. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని చెప్పాను. అటక మీద పిల్ల సంగతి చెప్పాను, గీతల సంగతి చెప్పాను, సున్నం సంగతి కూడా అత్తయ్య చెప్పినట్టే చెప్పాను. ఎవరూ ఫొటో తియ్యలేదు. ఆ షాపు బోర్డు పైన, ఏమీ లేని చోటుకి అందరూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు, ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి తన నడినెత్తి తడుముకుంది.